లైసెన్స్ కొనలేని చోట రన్‌టైమ్ దారి

మార్చి వచ్చేసరికి బస్తర్ అడవుల్లో ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని ఊళ్లకు ఊళ్లు చెట్ల కిందికి చేరతాయి. ఏప్రిల్ నెలాఖరుకు తునికాకు కోత అందుకుంటుంది. అప్పటికి టేకు చెట్లు ఆకు మొత్తం రాల్చి మోడుల్లా నిలబడి ఉంటాయి. సాల వృక్షాలు మాత్రం పూర్తిగా బోడి కాకుండానే కొత్త చిగురు తొడుగుతాయి. జగదల్‌పూర్‌కు దక్షిణాన, 1982లో జాతీయ వనంగా ప్రకటించిన కాంగేర్ లోయలో ఈ రెండు రకాల అడవులూ కలుస్తాయి. ఇక్కడ చిగురు ఏటా ఎప్పుడొస్తోంది, ముందుకు జరుగుతోందా వెనక్కి జరుగుతోందా అన్నది శాస్త్రవేత్తలకు ఎంత ముఖ్యమో, ఇప్పపువ్వు, తునికాకు మీద బతికే కుటుంబాలకూ అంతే ముఖ్యం.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి కావలసిన సమాచారం ఆకాశం నుంచి ఉచితంగానే దొరుకుతోంది. అమెరికా ప్రభుత్వం 2008లో ల్యాండ్‌శాట్ చిత్రాల భాండాగారాన్ని అందరికీ తెరిచింది. నాసా వారి టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం 2000 ఫిబ్రవరి నుంచి భూమిని చూస్తూనే ఉంది. దాని చిత్రాల నుంచి ప్రతి 16 రోజులకు ఒకసారి, 250 మీటర్ల గళ్లలో పచ్చదనం కొలత తయారవుతుంది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి 10 మీటర్ల స్పష్టతతో చిత్రాలు పంపుతున్నాయి. జగదల్‌పూర్‌లో 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థికైనా, స్టాక్‌హోమ్‌లో కూర్చున్న ప్రొఫెసర్‌కైనా ఈ సమాచారం ఒకే ధరకు, అంటే రూపాయి ఖర్చు లేకుండా వస్తుంది.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఆ చిత్రాలను లెక్కల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు మ్యాట్‌ల్యాబ్, ఐడీఎల్ వంటి ఖరీదైన వేదికల మీద రాసి ఉంటుంది. వేదికకు ఒక లైసెన్స్, దాని మీద వాడే ఒక్కో ఉపకరణ సంపుటికి మరో లైసెన్స్. ఐఐటీల వంటి పెద్ద సంస్థల్లో క్యాంపస్ మొత్తానికి కలిపి లైసెన్స్ ఉండటం మామూలే. చిన్న పట్టణాల కాలేజీల్లో, అటవీ శాఖ డివిజన్ కార్యాలయాల్లో, జిల్లా ఆసుపత్రుల్లో ఆ వెసులుబాటు ఉండదు. అలాంటి చోట కొందరు దొంగ కాపీల వైపు చూస్తారు. ఇంకొందరు ఆ పని తమవల్ల కాదనుకుని వదిలేస్తారు. చట్టబద్ధంగా, ఉచితంగా మూడో దారి ఒకటుందని చాలామందికి తెలియదు. దాని పేరు రన్‌టైమ్.

బొమ్మ పెట్టె, బొమ్మ తీసే స్టూడియో

పాత టూరింగ్ టాకీసు గుర్తున్నవారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. సినిమా తీయాలంటే స్టూడియో, కెమెరా, ఎడిటింగ్ గది కావాలి. తీసిన సినిమాను ఊళ్లో ఆడించాలంటే రీలు, ప్రొజెక్టర్ ఉంటే చాలు. మ్యాట్‌ల్యాబ్ పూర్తి సాఫ్ట్‌వేర్ ఆ స్టూడియో. అందులో తయారైన ప్రోగ్రామ్ రీలు. రన్‌టైమ్ ప్రొజెక్టర్. 16 ఎంఎం రీలు 35 ఎంఎం ప్రొజెక్టర్‌లో ఎక్కదు, ప్రొజెక్టర్‌తో సినిమాలో ఒక్క సీను కూడా మార్చలేం. రన్‌టైమ్‌కు ఉన్న రెండు పరిమితులూ సరిగ్గా ఇవే.

మ్యాట్‌ల్యాబ్ పుట్టుకలోనే విద్యార్థుల అవసరం ఉంది. 1970ల చివర్లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న క్లీవ్ మోలర్, మాత్రికల గణితానికి అప్పటికే ఉన్న లిన్‌పాక్, ఐస్‌పాక్ అనే ఫోర్‌ట్రాన్ లైబ్రరీలను తన విద్యార్థులు ఫోర్‌ట్రాన్ రాయకుండానే వాడుకోవాలని కోరుకున్నాడు. అందుకోసం రాసిన చిన్న ప్రోగ్రామే మ్యాట్‌ల్యాబ్. తొలినాళ్లలో అది విశ్వవిద్యాలయాల మధ్య ఉచితంగానే చేతులు మారింది. 1984లో జాక్ లిటిల్, స్టీవ్ బ్యాంగర్ట్‌లతో కలిసి మోలర్ మ్యాథ్‌వర్క్స్ కంపెనీ పెట్టాక అది అమ్మకపు సరుకయింది.

ఫోర్‌ట్రాన్, సీ భాషల్లో రాసిన కోడ్‌ను కంపైల్ చేస్తే అది నేరుగా యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మారుతుంది. ఆ ఫైల్‌ను ఎవరికిచ్చినా, కొన్ని మామూలు సిస్టమ్ లైబ్రరీలుంటే నడుస్తుంది. మ్యాట్‌ల్యాబ్ కోడ్ అలా కాదు. దాన్ని వరుస వెంబడి చదివి అమలు చేసే యంత్రాంగం పక్కనే ఉండాలి. 2004 నుంచి మ్యాట్‌ల్యాబ్ కంపైలర్ చేస్తున్న పని ఏమిటంటే, రచయిత కోడ్‌ను రహస్య సంకేతాల్లోకి మార్చి ఒక కట్టగా కట్టి, దానికి ఒక చిన్న ప్రారంభ ప్రోగ్రామ్ తగిలించడం. ఆ కట్టను విప్పి చదివి అమలు చేసే లైబ్రరీల సమూహాన్ని కంపెనీ విడిగా, ఉచితంగా ఇస్తుంది. అదే మ్యాట్‌ల్యాబ్ రన్‌టైమ్. కంపైలర్‌కు డబ్బు కట్టేది ప్రోగ్రామ్ తయారుచేసే వ్యక్తి. నడిపేవారు కట్టాల్సిందేమీ లేదు.

ఈ ఏర్పాటు ఒక్క మ్యాట్‌ల్యాబ్‌కే పరిమితం కాదు. ప్రయోగశాల పరికరాలను నడిపే ల్యాబ్‌వ్యూకు రన్‌టైమ్ ఇంజన్ ఉంది. ఐడీఎల్‌కు 2003లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి వర్చువల్ మెషీన్ ఉంది. ఇంజనీరింగ్ నమూనాలు కట్టే కామ్‌సాల్ 2018లో ఇలాంటి కంపైలర్‌నే తెచ్చింది. జావాలో రాసిన ప్రోగ్రామ్‌లన్నీ మొదటినుంచీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

కాంగేర్ లోయను లెక్కపెట్టాలంటే

చెట్ల చిగురు కాలాన్ని ఉపగ్రహ చిత్రాల నుంచి తేల్చే సాఫ్ట్‌వేర్‌లలో బాగా పేరున్నది టైమ్‌శాట్. స్వీడన్‌లోని మాల్మో విశ్వవిద్యాలయానికి చెందిన పెర్ యోన్‌సన్, లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్స్ ఎక్లుండ్ దాన్ని రూపొందించారు. 2004లో కంప్యూటర్స్ అండ్ జియోసైన్సెస్ పత్రికలో దాని వివరాలు ప్రచురించారు. బరువైన లెక్కలు చేసే భాగం ఫోర్‌ట్రాన్‌లో, తెర మీద బొమ్మలు చూపించే భాగం మ్యాట్‌ల్యాబ్‌లో రాశారు. మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ లేనివారి కోసం రన్‌టైమ్‌తో నడిచే కంపైల్ చేసిన కట్టను కూడా ఇచ్చారు.

అది చేసే పని ఇది. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడా నుంచి ఎన్‌డీవీఐ అనే పచ్చదనం సూచిక వస్తుంది. ఏడాదికి 23 చిత్రాల చొప్పున 25 ఏళ్లకు ఒక్కో గడికి 575 విలువలు. సుమారు 200 చదరపు కిలోమీటర్ల కాంగేర్ లోయలో 250 మీటర్ల గళ్లు మూడు వేలకు పైనే పడతాయి. మొత్తం కలిపితే 18 లక్షలకు మించిన సంఖ్యలు. పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బస్తర్ మీద మబ్బు వీడదు. మబ్బు అడ్డం పడిన రోజు అడవి ఎండిపోయినట్టు సూచిక తప్పుగా పడిపోతుంది. టైమ్‌శాట్ ఆ తప్పుడు పల్లాలకు తక్కువ విలువ ఇస్తూ, మిగిలిన బిందువుల మీదుగా నునుపైన వక్రరేఖ గీస్తుంది. అందుకు మూడు పద్ధతులున్నాయి: సావిట్స్కీ-గోలే వడపోత, అసౌష్ఠవ గాసియన్, డబుల్ లాజిస్టిక్. ఆ వక్రరేఖ నుంచి చిగురు మొదలైన తేదీ, పచ్చదనం శిఖరానికి చేరిన తేదీ, ఆకు రాలిన తేదీ, ఆ సీజన్ ఎన్నాళ్లు సాగిందీ బయటికి తీస్తుంది.

చేత్తో చేయలేని పని అది. దాని కోసం మ్యాట్‌ల్యాబ్ కొనక్కర్లేదన్న సంగతి తెలిస్తే, మామూలు ల్యాప్‌టాప్ ఉన్న ఎంఎస్సీ విద్యార్థి కూడా తన జిల్లా అడవిని తానే చదవగలడు. బస్తర్ గురించిన శాస్త్రం ఎప్పుడూ రాయ్‌పూర్‌లోనో, హైదరాబాద్‌లోనో, విదేశాల్లోనో మాత్రమే తయారు కావాల్సిన అవసరం లేదు. అడవిలో ఏ గడిలో టేకు ఉందో, ఏ గడిలో సాల ఉందో, ఎక్కడ పోయినేడు నిప్పంటుకుందో స్థానికులకు తెలిసినంతగా ఉపగ్రహానికి తెలియదు. ఆ తెలివిడి ఉన్నవారి చేతికి పనిముట్టు అందితేనే ఫలితం నిక్కచ్చిగా తేలుతుంది.

సముద్రం నుంచి మెదడు దాకా

నాసా ఈ దారిని ముందే పట్టింది. సముద్రపు రంగును బట్టి నీటిలోని పచ్చరంగు నాచు సూక్ష్మజీవుల మోతాదును లెక్కగట్టే సీడాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అది ఐడీఎల్ మీద నిర్మించింది. ఐడీఎల్ కొనే స్తోమత లేని దేశాల పరిశోధకులు ఆగిపోకూడదని, రన్‌టైమ్‌ను లోపలే చేర్చిన కట్టను ఉచితంగా పంచింది. 7వ వెర్షన్‌కు వచ్చేసరికి ఐడీఎల్‌నే వదిలేసి, ఐరోపా అంతరిక్ష సంస్థ కోసం జావాలో రాసిన బీమ్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ మీదికి మారిపోయింది. సముద్రపు రంగు శాస్త్రం తెలుగువారికి దూరపు విషయం కాదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే తావులను మత్స్యకారులకు సూచించేది సముద్రపు ఉష్ణోగ్రత, నీటి రంగు కొలతల ఆధారంగానే.

వైద్య పరిశోధనలో ఇంకో ఉదాహరణ ఉంది. మెదడు ఎంఆర్ఐ చిత్రాలను విశ్లేషించే ఎస్‌పీఎం సాఫ్ట్‌వేర్ లండన్‌లోని యూసీఎల్‌లో తయారవుతోంది. దాని తొలి రూపాన్ని కార్ల్ ఫ్రిస్టన్ 1990ల ఆరంభంలో ఇచ్చారు. ఎస్‌పీఎం కోడ్ పూర్తిగా ఉచితం, ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. అయినా అది నడవాలంటే మ్యాట్‌ల్యాబ్ కావాలి. ఈ ముడి విప్పడానికి దాని రూపకర్తలు రన్‌టైమ్‌తో నడిచే విడి కట్టను విడుదల చేస్తున్నారు.

హార్వర్డ్ అనుబంధ మార్టినోస్ కేంద్రంలో తయారయ్యే ఫ్రీసర్ఫర్ అనే మరో మెదడు చిత్రాల సాఫ్ట్‌వేర్ కథ రన్‌టైమ్‌లోని ఇబ్బందిని కూడా చూపిస్తుంది. జ్ఞాపకశక్తికి ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్‌ను చిన్న భాగాలుగా విడదీసే ప్రోగ్రామ్‌ను అందులో మ్యాట్‌ల్యాబ్‌తో కంపైల్ చేశారు. ఫలితంగా ప్రపంచమంతటా ఆసుపత్రులూ ప్రయోగశాలలూ ఏళ్ల తరబడి 2012, 2014 నాటి రన్‌టైమ్ వెర్షన్లనే వెతికి పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాతి విడుదలల్లో ఆ భాగాన్ని పైథాన్‌లో తిరగరాశాక ఆ అవసరం తప్పింది.

నడిపేవారు గుర్తుంచుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం వెర్షన్. 2016లో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌కు అప్పుడు వాడిన వెర్షన్ రన్‌టైమే కావాలి. కొత్తది కదా మెరుగ్గా ఉంటుందని తాజాది ఎక్కిస్తే ప్రోగ్రామ్ తెరుచుకోదు. ఏది కావాలో ప్రోగ్రామ్‌తో వచ్చే సూచనల ఫైల్‌లో రాసి ఉంటుంది. పాత రన్‌టైమ్‌లు కూడా మ్యాథ్‌వర్క్స్ దగ్గర డౌన్‌లోడ్‌కు దొరుకుతాయి. ఒకే కంప్యూటర్లో రెండు మూడు వెర్షన్లు పక్కపక్కన పెట్టుకున్నా గొడవ ఉండదు.

విండోస్ కోసం కంపైల్ చేసింది లినక్స్‌లో నడవదు. లినక్స్‌లోనైతే రన్‌టైమ్ లైబ్రరీలు ఎక్కడున్నాయో సిస్టమ్‌కు దారి చూపించాలి. చాలా కట్టలతో పాటు వచ్చే చిన్న స్క్రిప్ట్ ఆ పని తనే చేసి పెడుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు కట్ట విప్పుకోవడానికి కాసేపు పడుతుంది. అది ఆగిపోయిందనుకుని మూసేయకూడదు. ఐడీఎల్ వర్చువల్ మెషీన్‌లో మొదట ఒక స్వాగత తెర వస్తుంది, దాన్ని క్లిక్ చేస్తేనే ముందుకు కదులుతుంది.

రన్‌టైమ్ పరిమాణం పెద్దది. అన్ని ఉపకరణ సంపుటుల లైబ్రరీలూ అందులోనే ఉంటాయి కనుక కొన్ని వెర్షన్లు గిగాబైట్లలో ఉంటాయి. బస్తర్‌లోని సుక్మా, బీజాపూర్ లోపలి ప్రాంతాల్లో నెట్ అంతంతమాత్రం. ఇక్కడే ఒక సౌకర్యం పనికొస్తుంది. ఇన్‌స్టాలర్‌ను ఒకసారి జగదల్‌పూర్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లొచ్చు. ఆ తర్వాత లైసెన్స్ సర్వర్‌ను అడగాల్సిన పని గానీ, ఇంటర్నెట్‌తో పని గానీ ఉండదు.

చట్టం సంగతి కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. కంపెనీ ఇచ్చిన రన్‌టైమ్‌ను, రచయిత పంచిన ప్రోగ్రామ్‌ను వాడటం పూర్తిగా న్యాయమైన పని. తాళం విరిచిన కాపీ వాడటం నేరం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. లాభాపేక్ష లేదని తేలితే జైలు తప్పించే వెసులుబాటు కోర్టుకు ఉంది. శిక్ష మాట అటుంచినా, తాళం విరిచిన కాపీలతో పాటు వైరస్‌లు రావడం, వాటితో తేల్చిన ఫలితాలను పరిశోధన పత్రికకు పంపేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వాడారో చెప్పుకోలేకపోవడం విద్యార్థి భవిష్యత్తుకే దెబ్బ. ఇంకో జాగ్రత్త: రన్‌టైమ్ ఉచితమైనా, దాని మీద నడిచే ప్రోగ్రామ్‌కు దాని రచయిత షరతులు వేరుగా ఉంటాయి. పరిశోధనకు మాత్రమే ఇచ్చినదాన్ని వ్యాపారానికి వాడకూడదు.

అక్కడితో ఆగకుండా

రన్‌టైమ్ ఇచ్చేది నడిపే హక్కు మాత్రమే. లోపల ఏముందో చదవలేం. సొంత కోడ్ చేర్చలేం. బస్తర్ అడవికి తగినట్టు ఒక సూత్రాన్ని సవరించాలంటే మళ్లీ స్వీడన్‌కో లండన్‌కో ఉత్తరం రాయాలి. ప్రోగ్రామ్‌లో తప్పు ఉంటే దాన్ని దిద్ది మళ్లీ కంపైల్ చేయాల్సింది అసలు రచయితే. ఆయన రిటైరైతే, ప్రాజెక్టుకు నిధులు ఆగితే ప్రోగ్రామ్ అక్కడే గడ్డకట్టుకుపోతుంది. శాస్త్రంలో ఒకరు తేల్చిన ఫలితాన్ని మరొకరు అడుగడుగూ సరిచూడగలగాలి. మూసిన కట్ట ఆ అవకాశం ఇవ్వదు.

అందుకే రన్‌టైమ్‌ను తొలి మెట్టుగా వాడుకుంటూనే, తెరిచిన సాఫ్ట్‌వేర్ వైపు నడవడం మేలు. మ్యాట్‌ల్యాబ్ కోడ్‌ను చాలావరకు అలాగే నడిపే జీఎన్‌యూ ఆక్టేవ్‌ను జాన్ ఈటన్ 1992లో రాయడం మొదలుపెట్టాడు. ఐడీఎల్‌కు బదులు జీడీఎల్ ఉంది. ఫ్రాన్స్‌లో పుట్టిన సైల్యాబ్ ఉంది. పైథాన్ సంగతి చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఈ మార్పు కోసం కేంద్ర విద్యాశాఖ నిధులతో ఐఐటీ బొంబాయిలో ఫోసీ అనే ప్రాజెక్టు నడుస్తోంది. పాఠ్యపుస్తకాల్లోని లెక్కలను విద్యార్థుల చేతే సైల్యాబ్‌లో చేయించి, వాటిని అందరికీ ఉచితంగా పెట్టిన ప్రాజెక్టు అది. అదే సంస్థలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు భారతీయ భాషల్లోకి, తెలుగులోకి కూడా వచ్చాయి. నెట్ బలహీనంగా ఉన్నచోట దించుకుని చూసేలా వాటిని తయారుచేశారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగు విద్యార్థుల దగ్గరికి తీసుకెళుతోంది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ అవసరం అడవితోనే ఆగదు. బస్తర్‌కూ తెలుగు నేలకూ మధ్య నీటి బంధం కూడా ఉంది. ఒడిశాలోని కలహండిలో పుట్టిన ఇంద్రావతి బస్తర్ మీదుగా సాగి, చిత్రకోట్ దగ్గర జలపాతమై దూకి, భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. శబరి కుంట మీదుగా వచ్చి కూనవరం దగ్గర కలుస్తుంది. ఇంద్రావతి మీద జగదల్‌పూర్, చింద్‌నార్, పాతగూడెంలలో, శబరి మీద కుంటలో కేంద్ర జలసంఘం నీటి కొలతలు తీస్తుంది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులే. ఎగువన అడవిలో పడిన వాన ఎన్ని గంటల్లో కిందికి వస్తుందో లెక్కగట్టడం ముంపు మండలాల ప్రజలకు ప్రాణావసరం. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఇచ్చే హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ అనే వరద నమూనా సాఫ్ట్‌వేర్ ఉచితం. దానికి కావలసిన జావా రన్‌టైమ్ కూడా దానితోనే వస్తుంది. వర్షపాతం కొలతలు వాతావరణ శాఖ దగ్గర, నదీ ప్రవాహాల కొలతలు ఇండియా-డబ్ల్యూఆర్‌ఐఎస్ పోర్టల్‌లో దొరుకుతున్నాయి.

వరంగల్ ఎన్‌ఐటీలోనో, హైదరాబాద్ ఐఐటీలోనో లైసెన్స్ ఉన్న ప్రయోగశాల ఇలాంటి పనికి ఒక ప్రోగ్రామ్ రాస్తే, దాన్ని కంపైల్ చేసి కుంటలోనో, భద్రాచలంలోనో ఉన్న కార్యాలయానికి ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు మూడు వస్తువులు తోడుండాలి: ఏ రన్‌టైమ్ వెర్షన్ కావాలో రాసిన కాగితం, ఆ ఇన్‌స్టాలర్ ప్రతి, ప్రోగ్రామ్ సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడానికి జవాబు తెలిసిన నమూనా లెక్క. వాటితో పాటు మూల కోడ్‌ను కూడా అడిగి తీసుకోవాలి. ప్రజాధనంతో జరిగే పనిలో ఆ షరతును మొదటి రోజే ఒప్పందంలో రాయించుకోవచ్చు. అప్పుడు పదేళ్ల తర్వాత జగదల్‌పూర్ విద్యార్థి ఒకరు దాన్ని ఆక్టేవ్‌లోకో పైథాన్‌లోకో మార్చి, తన నదికి తగినట్టు సవరించుకోగలుగుతారు.